కలయా, నిమిషమా? – కోణమానముల పరివర్తనమును గూర్చి ఒక మనవి

సిద్ధాంతభాగము చదువుచున్న విద్యార్థి యొకడు ఇటీవల తన నివాసస్థానమగు మౌలాలికి లగ్నసాధనము చేసికొని వచ్చి నాకు చూపెను. కాగితముపై మొదటి పంక్తిలో అక్షాంశము 17.27, రేఖాంశము 78.33 అని ఉన్నది. ఈ అంకెలను ఎచ్చటనుండి గ్రహించితివని యడిగితిని. తన తాతగారు పంచాంగగణితమునకై వ్రాసి యుంచుకొనిన పుస్తకమునుండి యని చెప్పెను. పిమ్మట, తాతగారి అంకెలు సరియైనవో కావో పరీక్షించుటకై వానిని తన చేతి ఫోనులోని పటమున వేసి చూచితిననియు, అవి పూర్తిగా తప్పని తేలినదనియు, కొంత విచారముతోడనే చెప్పెను. ఫోనులోని పటము మౌలాలి కొండను గాని, దర్గాను గాని, రైలుస్టేషనును గాని చూపలేదు. హిమాయత్‌సాగరమునకు దక్షిణమున, శంషాబాదుకు పడమట, పొలముల నడుమ ఒక గుర్తు నిలిచినది. మౌలాలి కొండకును ఆ గుర్తునకును మధ్య దూరము 30 కిలోమీటర్లకు పైమాటయే.

తాతగారు తప్పు వ్రాయలేదు. వారి పుస్తకములోని చుక్క దశాంశబిందువు కాదు. 17 భాగల 27 కలలు, 78 భాగల 33 కలలు అని వారి భావము. మౌలాలికి అవి సరిపోవునట్టి అంకెలే. ఫోను మాత్రము ఆ చుక్కను దశాంశబిందువుగా గ్రహించినది. 0.27 భాగను 60 చేత గుణించిన 16.2 కలలు, అనగా 16 కలల 12 వికలలు మాత్రమే వచ్చును. 27 కలలు ఉండవలసిన చోట 16 కలలు వచ్చినవి. 33 కలలు ఉండవలసిన చోట 19 కలల 48 వికలలు వచ్చినవి. ఉత్తర దక్షిణములుగా ఒక కలకు భూతలముపై ఇంచుమించు 1,850 మీటర్లు; తూర్పు పడమరలుగా మన అక్షాంశమున ఇంచుమించు 1,770 మీటర్లు. పాఠకులే లెక్కించి చూచుకొనవచ్చును.

ఈ యొక్క పొరపాటే అయినచో నేనీ వ్యాసమునకు పూనుకొనియుండను. అదే కాగితమున రెండవదియు కలదు, అది యింతకంటె గొప్పది. ఉజ్జయినికి తూర్పున మౌలాలి 2 భాగల 47 కలల దూరమున నున్నది. దీనికి తగిన దేశాంతరకాలమును సాధింపవలెను. ఒక భాగకు 4 నిమిషములు కనుక 2 భాగలకు 8 నిమిషములని యతడు వ్రాసెను. ఆ పిమ్మట ఉన్న 47ను, పాఠశాలలో నేర్చిన చొప్పున "47 నిమిషములు" అని చదివి, దానికి నేరుగా కలిపి 55 నిమిషములు అని తేల్చెను. రావలసినది 11 నిమిషముల 8 సెకనులు. మన పాతమానమున చెప్పినచో 27 విఘడియలకు పైన, 28కి లోపల. ఇంచుమించు 44 నిమిషముల భేదము వచ్చినది. అంతకాలములో నాడీవృత్తమున 11 భాగలు ఉదయించును; జన్మలగ్నము ఒక రాశినుండి మరియొక రాశికి పోవుటకు అది చాలును.

విద్యార్థి మందమతి కాడు. త్రైరాశికము తెలిసినవాడు. అతనిని పెడత్రోవ పట్టించినది "నిమిషము" అను మాట. పది సంవత్సరములు తెలుగులో రేఖాగణితము చదివినవానికి ఒక డిగ్రీకి 60 నిమిషములు, ఒక నిమిషమునకు 60 సెకనులు అను పాఠము కంఠస్థము. గడియారమును చూచునప్పుడును ఒక గంటకు 60 నిమిషములు, నిమిషమునకు 60 సెకనులే. ఒక మాట, ఒక హారకము, రెండు వేరు వేరు వస్తువులు. కోణనిమిషమును కాలనిమిషముగా మార్చవలెనన్న 15 చేత భాగింపవలెనని వానికి తెలియకపోలేదు. మార్చవలసిన అవసరమున్నదనియే తోచలేదు. నిమిషములను నిమిషములుగా మార్చుట ఎవనికి తోచును?

కావున నేను చెప్పదలచినది ఇది: తెలుగులో కోణమానమునకు కల, వికల అను పేర్లను విడువరాదు, షష్ట్యంశమానమున వ్రాసిన కోణములను చుక్కతో వేరుచేయరాదు. ఇది ప్రాచీనాభిమానముచేత చెప్పుమాట కాదు. మానము పేరు సరిగా నిలిచినచో పరివర్తనము సగము జరిగినట్లే. పేరు చెడినచో ఎంతటి గణకయంత్రమును దానిని సరిదిద్దలేదు.

పేర్ల చరిత్రను కొంచెము పరిశీలింపవలసి యున్నది. సూర్యసిద్ధాంతములో 60 వికలలు ఒక కల, 60 కలలు ఒక భాగ, 30 భాగలు ఒక రాశి, 12 రాశులు ఒక భగణము. భాగకే అంశ యనియు పేరు. కాలమునకు వేరు పేర్లు: 6 ప్రాణములు ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక నాక్షత్రదినము. ఈ రెండు వరుసలును ఒకదాని ప్రక్కన నొకటి నిలిపి చూచినచో ఒక చక్కని సామ్యము తేటపడును. దినమునకు 60 ఘడియలు, ఒక్కొక్క ఘడియకు 360 ప్రాణములు. అంతయు కలిపి 21,600 ప్రాణములు. చక్రమునకు 360 భాగలు, భాగకు 60 కలలు. అంతయు కలిపి 21,600 కలలు. అనగా ఒక ప్రాణకాలమున ఆకాశము, ఆర్యభటుని మతమున భూమియే, సరిగా ఒక కల తిరుగును. 499వ సంవత్సరపు ఆర్యభటీయములో ఈ మాట స్పష్టముగా కలదు. ఇంత సమముగా అమర్చినవారు రెంటికిని ఒకే పేరు పెట్టియుండవచ్చును గదా! పెట్టలేదు. సంఖ్య సమానమైనను వస్తువు వేరని వారు మరువలేదు. మనకు సంఖ్యయు సమానము కాదు, ఒకటికి పదునైదు. పేరు మాత్రము ఒక్కటి చేసికొంటిమి.

ఆంగ్లమునందును మినిట్ అను మాట రెండింటికిని ఉన్నది గదా యని కొందరు అందురు. ఉన్నది. కాని ఆ మాటకు లాటిను మూలమున అర్థము చిన్నభాగము అని మాత్రమే. మొదటి చిన్నభాగము మినిట్ అయినది, రెండవ చిన్నభాగము సెకండ్ అయినది. దేనిలోని చిన్నభాగమో ఆ మాట చెప్పదు. గంటలోనిది కావచ్చును, డిగ్రీలోనిది కావచ్చును. మన నిమిషము అట్టిది కాదు. కనురెప్ప మూయుటనుండి పుట్టినది, పుట్టుకచేతనే కాలవాచకము. ఆంగ్లపదములోని కాలార్థమును మాత్రము గ్రహించి, దానిని కోణమునకును అంటగట్టితిమి. కొలబద్దకు ఘడియలు లెక్కపెట్టినట్లున్నది.

దీనికి తెలుగులోనే ఒక పూర్వోదాహరణమున్నది. లిప్త అను మాటకు శాస్త్రమున కల యని అర్థము, కోణమానము. గ్రీకుభాషలోని లెప్టాన్ అను శబ్దమునుండి అది సంస్కృతమునకు వచ్చినదని పండితులు చెప్పుదురు. అక్కడను చిన్నది అనియే అర్థము. మరి తెలుగువాడు లిప్తపాటు అన్నప్పుడు ఏమనుకొనును? క్షణకాలము. లిప్తలో కనుమరుగయ్యెను అన్నచో ఎవరును ఆకాశమున కోణము కొలువరు. కోణవాచకము కాలవాచకముగా జారిపోయినది. ఇది జనవ్యవహారమున జరిగినది కనుక దోషమని చెప్పను. భాష అట్లే నడచును. కాని జారిన పదమును శాస్త్రములో మరల వాడదలచినవారు జాగ్రత్తపడవలెను. ఈ కారణముచేతనే నేను లిప్త విలిప్తలను సిఫారసు చేయక కల వికలలనే కోరుచున్నాను.

కల అన్నచో స్వప్నమని పొరబడుదురు గదా యని యొక మిత్రుడు నవ్వుచు ఆక్షేపించెను. చంద్రకళను, చిత్రకళను గుర్తుచేసినవారును కలరు. చంద్రునికి పదునారు కళలు, భాగకు అరువది కలలు. ఇందు కొంత చిక్కున్న మాట నిజమే. అయినను స్వప్నమును 60 చేత గుణించు విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. నిమిషమును నిమిషముతో కలిపినవానిని చూచితిని.

ఇక చుక్క సంగతి. వ్రాతప్రతులలోను, పాత ముద్రిత పంచాంగములలోను గ్రహస్ఫుటములను నిలువు గడులలో వ్రాయుట వాడుక. రాశి ఒక గడి, భాగ ఒక గడి, కల ఒక గడి, వికల ఒక గడి. పైన ఒక్కసారి రా. భా. క. వి. అని వ్రాసిన చాలును. చోటు కలిసివచ్చుననియో, కూర్పు సులభమనియో, గడులు పోయి చుక్కలు వచ్చినవని నా ఊహ. గణకయంత్రములు లేని దినములలో ఆ చుక్కవలన ప్రమాదము తక్కువ. పంచాంగము చదువువాడు దానిని దశాంశముగా ఎన్నడును చదువడు. నేడు చదువునది మనుష్యుడు మాత్రమే కాదు. యంత్రమునకు చుక్క యనగా దశాంశబిందువు, రెండవ యర్థము లేదు.

17.5 అని వ్రాసినచో ఏమి తెలియవలెను? 17 భాగల 5 కలలా? కుడివైపు సున్న రాలిపోయిన 17 భాగల 50 కలలా? దశాంశమైనచో 17 భాగల 30 కలలా? ఒక్క చుక్కకు మూడు అర్థములు. చుక్క తరువాత 60గాని, అంతకు మించిన అంకెగాని యున్నచో అది దశాంశమని వెంటనే పోల్చుకొనవచ్చును. 60కి లోపలి అంకె యున్నచో పోల్చుటకు ఉపాయమే లేదు. పట్టికలోని అంకెలన్నియు, వ్రాసినవాడు కలలుగానే వ్రాసెను గనుక, 60కి లోపలివే. తప్పు ఎన్నటికిని తనంతట బయటపడదు. మన విద్యార్థికి పటముపై గుర్తు కనబడుటచేత తెలిసినది. అట్టి గుర్తు లేని గణితములో తెలియదు.

అట్టి గణితమునకు ఉదాహరణము అయనాంశ. కేంద్రప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పరచిన పంచాంగసంస్కరణసంఘము 1955లో తన నివేదికనిచ్చెను. దాని ననుసరించి 1956 మార్చి 21 నాటి అయనాంశ 23 భాగల 15 కలలు. దీనిని 23.15 అని వ్రాసిన పుస్తకములను మీరందరు చూచియుందురు. ఆ అంకెను దశాంశముగా గ్రహించినచో 23 భాగల 9 కలలు అగును. భేదము 6 కలలు. ఇది చిన్నదే గదా యనవచ్చును. అయనచలనము సంవత్సరమునకు ఇంచుమించు 50.3 వికలలు కనుక 6 కలలు, అనగా 360 వికలలు, ఏడు సంవత్సరముల చలనమునకు సమానము. చంద్రుడు తన మధ్యమగతిచే 6 కలలు నడచుటకు ఇంచుమించు 11 నిమిషములు పట్టును. నక్షత్రాంతము అంత జరుగును. జాతకము వ్రాయువారికి మరియొక లెక్క చెప్పెదను. నక్షత్రమునకు 800 కలలు. శుక్రదశకు 20 సంవత్సరములు. 6 కలలకు త్రైరాశికముచే ఇంచుమించు 55 దినములు వచ్చును. దశాఫలములను విశ్వసింపవలెనా వలదా యనునది వేరు చర్చ, దానిలోనికి నేను దిగను. విశ్వసించువారైనను గణితము సరిగా చేయవలెను గదా.

ఇచ్చట ఒక మాట. దశాంశపద్ధతిని నేను నిందించుటలేదు. గుణకార భాగహారములకు అదియే సులభము. దానినుండి షష్ట్యంశమునకు మారుట బాలురకును సాధ్యమే. ఫోను మౌలాలి కొండకు 17.46, 78.56 అని చూపినదనుకొందము. పూర్ణాంకమును భాగలుగా నుంచి, మిగిలిన 0.46ను 60 చేత గుణించిన 27.6, పూర్ణాంకము 27 కలలు. మిగిలిన 0.6ను మరల 60 చేత గుణించిన 36 వికలలు. రేఖాంశము 78 భాగల 33 కలల 36 వికలలు. తాతగారి పుస్తకములోని అంకెలు దీనితో కుదురుచున్నవి. తిరుగుదారి యింకను సులభము: వికలలను 60 చేత భాగించి కలలకు చేర్చి, ఆ మొత్తమును 60 చేత భాగించి భాగలకు చేర్చుట.

కాని ఆ 36 వికలలను చూచి సంతోషింపరాదు. రెండు దశాంశస్థానములకు కుదించిన అంకెలో ఇటు 18, అటు 18 వికలల సందేహము ముందే యున్నది. భూమిపై అది అటు ఇటు 550 మీటర్లు. కొండయే సందేహములో పడినది, కొండపైని మెట్టు మాట యేల? పరివర్తనము వికలలను పుట్టించినంతమాత్రమున వికలల సూక్ష్మత వచ్చినట్లు కాదు. మన పంచాంగకర్తలలో కొందరు తత్పరల వరకు వ్రాయుచుందురు. మూలములో కలలకే నమ్మకము లేనప్పుడు ఆ తత్పరలు అలంకారములు. ఇది నేటి విద్యార్థులకును వర్తించును. యంత్రము ఎనిమిది స్థానములు చూపినదని ఎనిమిదియు దింపుకొందురు.

తత్పరలను నిజముగా సాధించినవారు లేకపోలేదు. ఆర్యభటుడు చక్రకలలు 21,600ను పరిధిగా గ్రహించి వ్యాసార్ధము 3,438 కలలని నిలిపెను. 225 కలల కొక జ్య చొప్పున 24 జ్యలు చెప్పెను. మొదటి జ్య 225, ముప్పది భాగల జ్య 1,719; సగము వ్యాసార్ధము. తొమ్మిదివందల యేండ్ల తరువాత కేరళదేశపు సంగమగ్రామ మాధవుడు అదే వ్యాసార్ధమును 3,437 కలల 44 వికలల 48 తత్పరలు అని నిర్ణయించెను. మొదటి జ్యను 224 కలల 50 వికలల 22 తత్పరలకు తెచ్చెను. నేటి యంత్రముతో సరిచూచినను తత్పరస్థానము వరకు నిలుచును. ఆయన ఈ అంకెలను కటపయాది సంకేతమున అక్షరములలో బిగించెను. చుక్కకు అవకాశమే లేదు.

ఈ 3,438 అను సంఖ్యను విద్యార్థులు జ్యాపట్టికతో ముగిసిపోయినదని తలచుచున్నారు. ముగియలేదు. 3,438 మీటర్ల దూరమున ఒక మీటరు కఱ్ఱ నిలువుగా నున్నచో కంటికి ఒక కల. మౌలాలి కొండపైనుండి సికింద్రాబాదు రైలుస్టేషను దాదాపు ఏడు కిలోమీటర్లు. అచ్చట రెండు మీటర్ల ఎత్తుగల వస్తువు కొండపై నున్నవానికి ఇంచుమించు ఒక కల. మంచి కన్నునకు ఆనుటకు అదియే కొస. కొండ దిగువన మౌలాలి జంక్షనులో రైలు వంపు తిరుగును. ఆ వంపును రైల్వేవారు భాగలలోనే చెప్పుదురు; వారి మాటలో డిగ్రీలు. 100 అడుగుల, అనగా 30.5 మీటర్ల జ్య, వంపు కేంద్రమున ఎన్ని డిగ్రీల కోణము చేయునో అన్ని డిగ్రీల వంపు. ఒక డిగ్రీ వంపునకు వ్యాసార్ధము 1,750 మీటర్లు. ఈ 1,750 ఎచ్చటినుండి వచ్చినది? 3,438ని 60 చేత భాగించిన 57.3, దానిని 30.5 చేత గుణించిన 1,748, గుండ్రముగా 1,750. ఆర్యభటుని వ్యాసార్ధము మౌలాలి పట్టాలక్రింద నున్నదని తరగతిలో చెప్పినప్పుడు కన్నులు విప్పి వినని విద్యార్థి లేడు.

బేగంపేటలోని నిజామియా వేధశాల కథ యింకను రమ్యము. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫీసల్‌బండలో స్థాపించిన వేధశాల అది. పిమ్మట బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. 1887లో పారిసు నగరమున సంకల్పింపబడిన ఆకాశచిత్రపథకములో అది పాలుపంచుకొని, దక్షిణక్రాంతి 17 భాగలు మొదలు 23 భాగల వరకు గల మండలములోని నక్షత్రములను పట్టికల కెక్కించినది. ఆ పథకమునకు ఏర్పరచిన నియమము: ఛాయాఫలకముపై ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కలకు సమానము కావలెను. అట్లగుటకు దూరదర్శిని నాభ్యంతరము ఎంత యుండవలెను? 3,438 మిల్లీమీటర్లు. పారిసులోని విద్వాంసులు ఆర్యభటుని చదివి ఈ నియమము చేయలేదు. కలను మానముగా గ్రహించిన ప్రతివాడును ఆ సంఖ్య యొద్దకు రాక తప్పదు.

ఆ ఖగోళవేత్తలకును మన చిక్కు తగిలినది. నక్షత్రముయొక్క విషువాంశమును గంటలు, నిమిషములు, సెకనులలోను, క్రాంతిని డిగ్రీలు, నిమిషములు, సెకనులలోను ఒకే పంక్తిలో వ్రాయుదురు. నాడీవృత్తముపై మొదటి సెకను రెండవ సెకనునకు పదునైదు రెట్లు. అందుచేత వారు కోణమునకు ఆర్క్ అను మాటను ముందు చేర్చి ఆర్క్‌మినిట్, ఆర్క్‌సెకండ్ అనుచున్నారు. తమ భాషలో మాట చాలక అదనముగా తగిలించుకొన్నది. దానినిప్పుడు మన పారిభాషికకర్తలు చాపనిమిషము, చాపసెకను అని అనువదింపదలచుట కద్దు. ఇంట వెండిచెంబు పెట్టుకొని పొరుగువారి అతుకుచెంబుకు నకలు చేయించుట కాదా ఇది?

న్యాయముగా ఒక సంగతి నొప్పుకొనవలెను. భూసర్వేక్షకులకు ఈ చిక్కు లేదు. 1815లో బీదరులో భూమిరేఖను కొలిచిన లాంబ్టను గాని, 1818లో హైదరాబాదుకు వచ్చి ఆయనతో చేరిన ఎవరెస్టు గాని, నేడు మౌలాలికి దక్షిణమున ఉప్పల్‌లోని భారత సర్వేక్షణశాఖ శిక్షణసంస్థలో చదువువారు గాని, రోజంతయు కోణములనే కొలుచువారు. వారి నోట మినిట్ అన్నచో కలయే. లాంబ్టను పెద్ద థియోడొలైటునకు 36 అంగుళముల చక్రము. దాని అంచున ఒక వికల ఎంత? ఒక మిల్లీమీటరులో ఇంచుమించు ఐదువందలవ వంతు కంటె కొంచెము ఎక్కువ. తంజావూరు గోపురమునకు కొట్టుకొని ఆ చక్రము వంగినప్పుడు, 1808లో, ఆయన వారములతరబడి కూర్చుండి దానిని తిరిగి గుండ్రముగా సాగదీసిన కథ ప్రసిద్ధము. అంత సూక్ష్మముగా పనిచేసినవారికి మాటలు సడలినను పని సడలదు. కాలమును కోణమును ఒకే కాగితముపై ప్రతిదినము మార్చుకొనవలసినది జ్యోతిషము, ఖగోళము చదువువారు. కనుక ఈ బాధ్యత ప్రాచ్యకళాశాలలది, సర్వేక్షణశాఖవారిది కాదు.

అయినను భూమి సంగతి మనలను పూర్తిగా విడువదు. నేడు భూముల పత్రములలోను పటములలోను అక్షాంశ రేఖాంశములు చేరుచున్నవి. ఒక వికలకు ఇంచుమించు 31 మీటర్లు. మౌలాలిలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల ఇంటిస్థలము ఒక వికలలో ఇమిడిపోయి యింకను చోటు మిగులును. అట్టి స్థలమునకు హద్దు వ్రాయునప్పుడు దశాంశభాగలలో ఐదు స్థానములైనను కావలెను. ఐదవ స్థానమునకు ఒక మీటరు మాత్రము. అందు ఒకరు కలలను దశాంశములుగా దింపుకొన్నచో స్థలము పొరుగువానిలోనికి కాదు, పొరుగుమండలములోనికి పోవును. ఇంటిపెద్దలు వ్రాసి యుంచిన అంకెలను తెచ్చి చూపువారు, చదివి చెప్పుమని అడుగువారు, మన విద్యార్థులనే అడుగుదురు.

తెలుగున గణితము వ్రాయుట నిన్న మొన్నటి పని కాదు. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరుని గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పండ్రెండవ శతాబ్దిలో మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతమునకు తెలుగున వ్యాఖ్య వ్రాసెను. వారికి లేని మాటలకొరత మనకెట్లు వచ్చినది? పాఠశాల పుస్తకములను మార్చించుట మన చేతిలోని పని కాదు. అచ్చట నిమిషము, సెకను ఉండనిండు. మన చేతిలో నున్నవి ప్రశ్నపత్రములు, పాఠములు, ఈ పత్రిక. ప్రశ్నపత్రమున కోణమిచ్చునప్పుడు భా. క. వి. అనియు, కాలమిచ్చునప్పుడు ఘ. వి. అని గాని, గం. ని. సె. అని గాని వ్రాయుదము. ఇచ్చటను ఒక చిక్కున్నది: వి. అన్నచో వికలయా, విఘడియయా? ఒక విఘడియకు 6 కలలు కనుక ఇది సామాన్యమైన చిక్కు కాదు. విఘడియను విఘ. అని వ్రాసినచో తీరును. దశాంశముగా వ్రాసినచో ప్రక్కన దశాంశభాగలు అని పూర్తిగా వ్రాయుదము. చుక్కను దశాంశమునకు వదలిపెట్టి, కలలకు ముందు దానిని వాడకుందము. ఇంతమాత్రము చేయుటకు ఏ సంఘముయొక్క అనుమతియు అక్కరలేదు.

పంచాంగకర్తలకు ఒక విన్నపము. పట్టణముల పట్టికకు పైన ఒక్క పంక్తిలో, ఈ అంకెలు భాగలు, కలలు అని తెలుపుడు. దేశాంతరమును నిమిషములలో నిచ్చునప్పుడు అవి కాలనిమిషములని తెలుపుడు. రాజమహేంద్రవరమునకు గణించిన పంచాంగమును మౌలాలివారు చూచుచుందురు. రేఖాంశమునుబట్టి చూచిన రెండూళ్ల సూర్యోదయములకు ఇంచుమించు 13 నిమిషముల భేదము. అక్షాంశభేదమువలన వచ్చునది వేరు. తిథ్యంతమును గంటలలో నిచ్చినచో ఇరువురికి ఒక్కటియే. సూర్యోదయాది ఘడియలలో నిచ్చినచో 32 విఘడియలు సవరింపవలెను. సవరించుకొనువాడు 3 భాగల 14 నిమిషములు అని చదివినచో మరల మన విద్యార్థి కథయే.

ఆ విద్యార్థి తన కాగితమును తీసికొనిపోయి రెండుదినముల తరువాత మరల వచ్చెను. "గురువుగారూ, తాతగారి లెక్క సరిపోయినది" అనెను. పుస్తకమును కూడ తెచ్చెను. విప్పి చూచితిని. మౌలాలి యను పేరు ప్రక్కన 78.33 అని యున్నది గాని, ఆ పుటపై భాగమున, సిరా వెలిసిపోయి, చుక్కకు ఎడమవైపు గడిపైన భా. అనియు, కుడివైపు గడిపైన క. అనియు వ్రాసియున్నది. మనుమడు అంకెలను దింపుకొనినప్పుడు ఆ రెండక్షరములను దింపుకొనలేదు.